వాచీల డాక్టరు విప్పిన కారు తాళం

ఎదురింటి దర్జీ భార్య పాలావిడతో అన్నదట. పాలావిడ మేడమీది లెక్కల మాష్టారితో అన్నదట. ఆయన చెప్పుల్లేకుండా మెట్లు దిగివచ్చి, కింది వాటాలో చిక్కుడుకాయలు తుంచుకుంటున్న పెద్దావిడ చెవిలో వేశాడు. నర్సమ్మ కారు తాళాన్ని మొగుడే పాడుచేశాడట. పెళ్ళాం స్టీరింగు పట్టుకుంటే పక్కన బస్తాలా కూర్చోవడం నామోషీ అయి చేశాడట.

ఆ మొగుడు పెద్దావిడకు సొంత కొడుకు. ఇంకో తల్లయితే దర్జీ ఇంటి మీదికి వెళ్ళేది. పెద్దావిడ మాత్రం చేతిలోని కాయ పూర్తిగా తుంచి, కాస్త ఆలోచించి, "వాడికంత తెలివెక్కడిది మాష్టారూ," అంది.

విషయం చిన్నదే గాని, ఆ రోజు పెద్దదైపోయింది. నర్సమ్మ పంతొమ్మిదేళ్ళుగా ఆస్పత్రి వార్డులో మంచాల మధ్య తిరుగుతోంది. ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళి మంచం పట్టినవాళ్ళను చూసివచ్చే నర్సు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఆ ఉద్యోగం మీద ఆమెకు ఎప్పటినుంచో కన్ను. సొంత కారుండాలి, లైసెన్సుండాలి, ఆ కాగితాలు ఆ సాయంత్రం అయిదులోపల ఆఫీసులో అందాలి. అందితే ఉద్యోగం ఆమెదేనన్నారు. కారుంది. లైసెన్సే లేదు. పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి వెనక్కి నడుపుతూ గుర్తుకోసం పెట్టిన డబ్బాలన్నిటినీ వరసగా పడగొట్టింది. రెండోసారి తప్పనేది లేకుండా నడిపి, ఆ సంతోషంలో చేతిబ్రేకు వేయకుండా దిగిపోయింది. కారు తనంతట తానే మెల్లగా ఇన్‌స్పెక్టరు వెనకాలే నడిచి వెళ్ళింది. మూడో పరీక్ష ఆవేళ పదకొండింటికి. ఇంట్లో గడియారాలన్నీ ఎనిమిదిన్నర చూపిస్తున్నాయి. ఆ ఇంట్లో గడియారాలు తొమ్మిది. తొమ్మిదీ ఒకే టైము చూపిస్తాయి.

ఎందుకంటే ఆమె భర్త వాచీలు బాగుచేస్తాడు. బజార్లో ఉన్న తన కొట్టుకు రోజూ ఆ కార్లోనే వెళ్ళివస్తాడు. ఊరంతా ఆయన్ని వాచీల డాక్టరంటారు. అది వెక్కిరింపని ఆయనకు ఇప్పటిదాకా తట్టలేదు. మీట నొక్కితే తలుపు తెరిచే ఆ కారు తాళం ముందురోజు నుంచి బద్ధకిస్తోంది. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పలుకుతోంది. "వీధి చివర కొట్టులో ఇస్తే రెండు నిమిషాల్లో బ్యాటరీ మార్చి ఇస్తాడండీ," అంది నర్సమ్మ. వాచీల డాక్టరు అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపాడు. "నా ఇంట్లో వస్తువును ఇంకొకడు విప్పడమా? రేపు పొద్దున్నే నేను చూస్తాగా."

పొద్దున్నే చూశాడు. భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కంటికి భూతద్దం తగిలించి, సన్నపట్టకారుతో తాళాన్ని వేరుశనక్కాయలా రెండు చెక్కలు చేశాడు. పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టాడు. చెక్కలు మూసి, వీధిలోకి వచ్చి, కారువైపు చెయ్యి చాచి నొక్కాడు.

కారు పలకలేదు. తాళం మీద ఎర్రగా వెలిగే చుక్క కూడా వెలగలేదు.

"బ్యాటరీ నకిలీది," అన్నాడాయన. ఇంకొకటి పెట్టాడు. పలకలేదు. "ఇదీ నకిలీదే." మూడోది పెట్టాడు. అప్పటికి అనుమానమొచ్చి మూడింటినీ తన మీటరు మీద పరీక్షించాడు. మూడూ నిండుగా ఉన్నాయి.

"నిన్న నాలుగుసార్లకొకసారైనా పలికింది కదండీ," అంది నర్సమ్మ, పరీక్ష కోసం కట్టుకున్న గట్టి నూలుచీర కొంగు దోపుకుంటూ. "ఇవాళ మీ వైద్యం అయ్యాక నాడి కూడా అందట్లేదు. మా ఆస్పత్రిలోనైతే ఈపాటికి మిమ్మల్ని పెద్దడాక్టరు గదికి పిలిచేవాళ్ళు."

"చిప్పు కాలిపోయుంటుంది," అన్నాడు వాచీల డాక్టరు.

ఇంతలో లెక్కల మాష్టారు ముందుకొచ్చాడు. రిటైరయినప్పటి నుంచి ఆయనకు చెప్పడానికి లెక్కలు లేక సలహాలు చెబుతున్నాడు. "దాన్ని గడ్డం కింద పెట్టుకుని నొక్కవయ్యా. ఎక్కడో చదివాను. తలలో ఉన్నదంతా నీళ్ళే. దాంతో సిగ్నలుకు బలం వస్తుంది."

"మా వాడికైతే సిగ్నలు పక్క ఊరిదాకా పోతుంది," అంది పెద్దావిడ.

వాచీల డాక్టరు మొదట ఒప్పుకోలేదు. తర్వాత అటూ ఇటూ చూసి, తాళం గడ్డం కింద పెట్టుకుని, మెడ నిక్కించి నొక్కాడు. పలకలేదు. "అలా కాదయ్యా, నోరు తెరవాలి," అన్నాడు మాష్టారు. నోరు తెరిచి నొక్కాడు. లాభం లేకపోయింది. నర్సమ్మ లాక్కుని తన గడ్డం కింద పెట్టుకుంది. పెద్దావిడ నా తల కూడా చూడమంది. చివరికి మాష్టారే ప్రహరీగోడ మీద కాళ్ళు నిక్కించి నిలబడి, ఆకాశానికి నోరు తెరిచి, టకటకా నొక్కుతుంటే నర్సమ్మకు నవ్వాగలేదు. నవ్వితే ఎక్కిళ్ళొచ్చాయి. ఎదురింటి కిటికీలో దర్జీ భార్య కళ్ళు గచ్చకాయలంతయ్యాయి. ఒకే ఇంటి మనుషులు నలుగురూ వంతులేసుకుని గడ్డాలు పైకెత్తి కారును చూడటం ఆమె జన్మలో చూడలేదు.

తొమ్మిది గడియారాలూ తొమ్మిదిన్నర కొట్టాయి. నవ్వు ఒక్కసారి ఆగిపోయింది.

"పోనీలేవే," అన్నాడు వాచీల డాక్టరు మెల్లగా. "కంపెనీకి పంపిద్దాం. పరీక్షకు వచ్చేనెల వెళ్ళొచ్చు."

"ఉద్యోగం వచ్చేనెల దాకా ఉండదండీ," అంది నర్సమ్మ. ఎక్కిళ్ళ మధ్య మాట సరిగ్గా రాలేదు, కాని అర్థం కానివాళ్ళెవరూ లేరు అక్కడ.

పెద్దావిడ కొడుకు దగ్గరికొచ్చి నిలబడింది. "ఒరే, నిజం చెప్పు. నువ్వేమైనా చేశావా?"

"అమ్మా." ఆయన తాళాన్ని పైకెత్తి చూపించాడు. "నేనా చెడగొట్టేది? నా చేతిలో చచ్చిన గడియారం లేచి కూర్చుంటుంది."

"కూర్చున్న తాళం చచ్చిందనే కదరా అడుగుతున్నది."

నర్సమ్మ అబద్ధం పట్టగల మనిషి. మందు మింగామని చెప్పి దిండు కింద దాచే రోగులను పంతొమ్మిదేళ్ళు చూసింది. మొగుడి ముఖం చూసింది. అందులో అబద్ధం లేదు, మొండితనం మాత్రం కావలసినంత ఉంది. "కావాలని చెయ్యలేదత్తయ్యా. తెలియక చేశారు. ఏం చేశారో కనుక్కోవాలి, అంతే. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం ఏది?"

పుస్తకం కార్లో ఉంది. ముందు సీటు ఎదుటి అరలో. అద్దంలోంచి చూస్తే దాని నీలం అట్ట కూడా కనిపిస్తోంది. పుస్తకం కావాలంటే తలుపు తెరవాలి, తలుపు తెరవాలంటే పుస్తకం కావాలి.

నర్సమ్మ భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళింది. తెల్లగుడ్డ మీద మూడు బ్యాటరీలు, పట్టకారు, భూతద్దం, వాటి పక్కన వేలెడు పొడవున చదునైన ఇనుప పలక ఒకటి. దాని అంచున గాడి ఉంది.

"ఇదేంటండీ?"

"అదా, లోపల అడ్డంగా ఇరుక్కుని ఉంది. పనికిమాలిన రేకు. తీసి పక్కన పెట్టా."

ఆమె దాన్ని పట్టుకుని గుమ్మం దాటింది. కారు తలుపు పిడి కింద వెతికితే మూసివున్న చిన్న బిళ్ళ, దాని వెనక సన్నటి రంధ్రం. అందులో రేకు పెట్టి తిప్పింది. టక్కుమంది.

"ఒరే, ఇలాంటి పనికిమాలిన రేకునే బీరువా తాళంచెవి అంటార్రా మన ఇంట్లో," అంది పెద్దావిడ.

తలుపు తెరుచుకోవడమే తరువాయి, కారు కేకలు మొదలెట్టింది. మామూలు కేకలు కావు. దొంగలు పడ్డారని ఊరందరికీ చెప్పే కేకలు. దీపాలు నాలుగూ ఆరి వెలుగుతున్నాయి. వీధి కుక్కలు అందుకున్నాయి. మూడిళ్ళ అవతల నిద్రపోతున్న పసిపిల్ల అందుకుంది. దర్జీ మెడలో టేపు, నోట్లో గుండుసూదులతో బయటికొచ్చాడు. మాష్టారు రెండు చెవులూ మూసుకుని, నోరు మాత్రం మూయకుండా ఏవేవో సలహాలు చెబుతున్నాడు. ఒక్కటీ ఎవరికీ వినబడలేదు.

"ముందు దాన్ని ఆపవే," అని అరిచాడు వాచీల డాక్టరు.

నర్సమ్మ ఆపలేదు. ఆ గోలలో, డ్రైవరు సీట్లో స్థిమితంగా కూర్చుని, పుస్తకం తెరిచి, చివర్నుంచి పేజీలు తిప్పింది. వార్డులో పాతికమంది ఒకేసారి అరుస్తున్నా థర్మామీటరు చదవగల మనిషికి కారు అరుపొక లెక్కా. డెబ్భై రెండో పేజీలో తాళం బొమ్మ ఉంది. బొమ్మలో గుండ్రటి బ్యాటరీ, దాని మీద ప్లస్సు గుర్తు, ఆ గుర్తు నుంచి కిందికి బాణం.

ఆమె తెరిచిన తలుపులోంచి తల బయటపెట్టి అడిగింది. "ప్లస్సు ఎటు పెట్టారు?"

ఆయనకు వినబడలేదు. ఆమె వేలితో గాల్లో ప్లస్సు గుర్తు గీసి, అరచేయి తిప్పి చూపింది. ఆయనకు అర్థమై బొటనవేలు పైకెత్తాడు. ఆమె బొటనవేలు కిందికి దించింది. ఆయన తలడ్డంగా ఊపి మళ్ళీ పైకెత్తాడు. ఈసారి రెండు చేతులవీ. ఆమె రెండూ కిందికి దించింది. నడివీధిలో మొగుడూ పెళ్ళాం మాట లేకుండా బొటనవేళ్ళతో కొట్టుకుంటుంటే, దర్జీ భార్య కిటికీ వదిలి గుమ్మంలోకే వచ్చేసింది.

ముప్పై ఏళ్ళు. రోజుకు పది వాచీలు. ఏ వాచీ వెనకమూత విప్పినా బ్యాటరీ ప్లస్సు వైపే పైకి కనిపిస్తుంది. అలాగే పెట్టాలి. ఆ పని వాచీల డాక్టరు వేళ్ళకు ఎంత అలవాటంటే, కళ్ళను అడగకుండానే చేసేస్తాయి. తాళం లోపల, ప్లాస్టిక్కు గుంట అడుగున, ప్లస్సు కిందికి ఉండాలని నువ్వుగింజంత గుర్తు ఉంది. భూతద్దం పెట్టుకుని మూడుసార్లు దాని మీదే మూడు బ్యాటరీలు బోర్లించాల్సింది పోయి వెల్లకిలా పడుకోబెట్టాడాయన.

మెట్టు మీద కూర్చుని, నాలుగోసారి విప్పాడు. గుర్తు కనిపించింది. తర్వాత బ్యాటరీ తిప్పి పెట్టి, మూసి, ఎవరివైపూ చూడకుండా నొక్కాడు.

ఎర్రచుక్క వెలిగింది. కారు నోరు మూసుకుంది. కుక్కలు కూడా ఆగిపోయాయి, ఏం జరిగిందా అన్నట్టు.

ఆ నిశ్శబ్దంలో అప్పటిదాకా అరుస్తున్న మాష్టారి మాటొకటి వీధంతా వినబడింది. "...గడ్డమే కాదయ్యా, నుదురు కూడా పనిచేస్తుందట."

ఇక వీధిలో నవ్వనివాళ్ళు లేరు. దర్జీ నవ్వితే గుండుసూదులు రాలాయి. పెద్దావిడ ప్రహరీగోడ పట్టుకుని కూలబడింది. వాచీల డాక్టరు ముందు మూతి బిగించాడు, తర్వాత పెదవి వణికింది, తర్వాత ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, మూడు బ్యాటరీలూ నకిలీవన్నానే," అని కళ్ళు తుడుచుకున్నాడు.

పది దాటి పదిహేను నిమిషాలయింది. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి గనక వాచీల డాక్టరు ముందు ఎక్కాడు. పెద్దావిడ ఎవరూ పిలవకుండానే వెనక ఎక్కింది. మాష్టారు ఆమె పక్కన ఎక్కి, దారిలో లెక్కలేమైనా అవసరమవుతాయేమో అన్నాడు. దారంతా నర్సమ్మ ఎక్కిళ్ళు ఆగలేదు. ఒక్కో ఎక్కిలికి కారు కూడా కొంచెం ఎగిరింది. ఎగిరినప్పుడల్లా వెనక ఇద్దరూ పకపకా నవ్వారు. "నవ్వకండి, బ్రేకు మీద కాలు జారుతుంది," అని తను నవ్వింది.

పరీక్ష మైదానంలో అదే ఇన్‌స్పెక్టరు. ఆమెను చూడగానే నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. ఎక్కిళ్ళు అక్కడే ఆగిపోయాయి. నర్సమ్మ ముందుకు నడిపింది, మలుపు తిప్పింది, వెనక్కి వచ్చింది. డబ్బాలు ఒక్కటీ కదల్లేదు. గట్టు ఎక్కి మధ్యలో ఆగి మళ్ళీ కదిలింది. చివర్న చేతిబ్రేకు లాగింది, చాలదనిపించి ఇంకోసారి లాగింది, దిగి కారును చేత్తో తోసి చూసింది. కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెడుతూ, "అంత గట్టిగా లాగితే మళ్ళీ ఎవరు వదిలిస్తారమ్మా," అన్నాడు.

మైదానం అంచున పెద్దావిడ కొంగు గాల్లో తిప్పింది. మాష్టారు ఈలవేయబోయాడు, గాలి మాత్రం వచ్చింది. వాచీల డాక్టరు పరుగెత్తుకొచ్చి భార్య చేతిలోని కాగితం తీసుకుని, రెండువైపులా చదివి, అలవాటుకొద్దీ భూతద్దం కోసం జేబు తడుముకున్నాడు. నర్సమ్మ దాన్ని లాక్కుని ఛాతీకి అదుముకుంది. పంతొమ్మిదేళ్ళ వార్డు వాసన ఒక్కసారిగా వదిలినట్టయింది ఆమెకు.

కాగితాలిచ్చిరావడానికి అక్కడినుంచే ఆఫీసుకు బయలుదేరారు. నర్సమ్మే నడుపుతోంది. పాటలాంటిదేదో ముక్కుతో తీస్తోంది. వాచీల డాక్టరు సీటు వెనక్కి వాల్చి, లోకాన్ని క్షమించినవాడిలా కూర్చున్నాడు.

"ఎవరెన్నన్నా, నేను విప్పబట్టే కదా ఇదంతా అయింది," అన్నాడు.

"అవున్రా, నువ్వు కాబట్టి నాలుగుసార్లు విప్పావు," అంది వెనకనుంచి తల్లి.

ఆయన పట్టించుకోలేదు. "ఇంతకీ పనిలో ఎప్పుడు చేరాలట?"

"సోమవారం. ఏడున్నరకల్లా కారు తీసుకుని మొదటి ఇంటి ముందుండాలి. సాయంత్రం ఆరుదాకా తిరగడమేనట."

కొంతదూరం పోయాక ఆయన వాల్చిన సీటు మెల్లగా పైకి లేపుకున్నాడు.

"రోజూనా?"

"ఆదివారం తప్ప."

"మరి నేను కొట్టుకెలా వెళ్ళను?"

నర్సమ్మ మలుపు దగ్గర అటూ ఇటూ చూసి, ఇండికేటరు వేసి, బండి తిప్పింది.

"బస్సులో."