టిల్లట్ ఎవరు?

మూడు వారాల పిల్లని గుడ్డతో గుండెకి కట్టుకుని బ్రెడ్డు అంచులు కోస్తున్నాను. "అంచులున్న శాండ్‌విచ్ టిల్లట్సన్లు తినరమ్మాయ్" అని మా మామగారు నార్మన్ నా పెళ్లయిన కొత్తలోనే చెప్పారు.

ఏటా జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఈ యార్క్‌షైర్ ఊరి హాల్లో టిల్లట్సన్ ఇంటిపేరు వాళ్లంతా కలుస్తారు. కెనడా నుంచి కూడా వస్తారు. పుట్టుకతో టిల్లట్సన్లయిన వాళ్లకి నీలం బ్యాడ్జీలు. కోడళ్లకి బ్యాడ్జీ ఉండదు, ఏప్రన్ ఉంటుంది. నా పేరు వదులుకుని వాళ్ల పేరు తగిలించుకున్నదీ నేనే, టిల్లట్సన్ కానిదీ నేనే! ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

సోమవారం పిల్ల పేరు నమోదు చేయించాలి. దానికి ఇంటిపేరుగా నా పుట్టింటిపేరు వాడింగ్టన్ పెట్టాలని నా కోరిక. మా నాన్నకి నేనొక్కదాన్నే, ఆ పేరు నాతో ఆగిపోతుంది. అడిగిన రోజు నా భర్త క్లైవ్ టీవీ మీంచి చూపు తిప్పకుండానే "ఇప్పుడీ పిచ్చేంటి? తండ్రి లేని పిల్లనుకుంటారు" అన్నాడు. మామగారైతే నవ్వేశారు. "వందల ఏళ్ల పేరమ్మా మాది. టిల్లట్ అనే వీరుడి వంశం. నీ ముచ్చట కోసం తెంపుకుంటామా?" ఆ వీరుడి బొమ్మ ఆయనే గీయించి హాల్లో వేలాడదీశారు. చేతిలో కత్తి, మూతికి ఇంత మీసం. పిల్లకి పాలిస్తుంటే ఆ మీసమే గుర్తొచ్చేది. తొమ్మిది నెలలు మోసి కన్నది నేను, పేరు పెట్టే హక్కు ఆ మీసానిదా అని ఒళ్లు మండిపోయేది. ఆ కోపం దిగమింగుకుని, లేచి డైపర్ మార్చేదాన్ని.

ఈసారి ప్రసంగానికి ఇంటిపేర్ల చరిత్ర చెప్పే ఫ్రీడా గారిని మామగారే పిలిచారు. ఆవిడ ఆ వీరుడి బొమ్మ చూసి ఆగింది.

"ఈయనెవరండీ?"

"టిల్లట్. మా మూలపురుషుడు!"

"అయ్యో, టిల్లట్ మగవాడు కాదండీ. ఆ రోజుల్లో మటిల్డాని ముద్దుగా అలా పిలిచేవాళ్లు. టిల్లట్సన్ అంటే ఆ మటిల్డా కొడుకు. మొగుడు పోయాడో, పొలం ఆవిడదో తెలీదు గానీ, పిల్లల్ని మాత్రం ఊరంతా తల్లి పేరుతోనే గుర్తుపట్టారు."

మామగారి నోట్లో శాండ్‌విచ్ నోట్లోనే ఉండిపోయింది. వెనకనుంచి ఎవరో "నార్మన్, ముందా మీసం గీకెయ్యవోయ్!" అనగానే నవ్వులు. మా అత్తగారు డోరీన్ మాత్రం నవ్వలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ హాల్లో టీ పాత్ర పక్కనే నిలబడ్డ మనిషి, ఏప్రన్ విప్పి, వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

"డోరీన్, టీ ఎవరు పోస్తారు?" అన్నారు మామగారు.

"బ్యాడ్జీలున్న వాళ్లు పోసుకోండి. నా కాళ్లు లాగుతున్నాయి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కత్తి పక్కన పడేసి, గుడ్డ విప్పి పిల్లని క్లైవ్ చేతుల్లో పెట్టాను.

"సోమవారం నాతో వస్తావా, ఒక్కదాన్నే వెళ్లనా? పేరు మాత్రం వాడింగ్టనే."

"నాన్న ఊరుకోరు..." అని నసిగాడు.

"నాన్న సంగతి కాదు, నీ సంగతి చెప్పు."

పిల్ల అతని వేలు పట్టుకుంది. ఆ వేలు కదపకుండానే "వస్తాలే" అన్నాడు.

మామగారు విననే విన్నారు. "ఏంటమ్మా, ఇంటి ఆచారం మంటగలుపుతావా?"

"లేదు మామయ్యా, నిలబెడుతున్నాను. ఈ ఇంట్లో మొదట పిల్లలకి పెట్టింది తల్లి పేరేగా!"