రోసమ్మ అడిగిన చాటు

యెషయా ప్లాస్టిక్ స్టూలు సోఫా ముందుకు లాక్కుని కూర్చుని, మెడ వెనక్కి వాల్చి కప్పు వంక చూస్తున్నాడు. కప్పులో స్పీకర్లు ఎక్కడ బిగించాలో తేలాలంటే, ముందు వినేవాడు కూర్చునే చోట కూర్చుని చూడాలి. ఆ చోటు సోఫాయే. కానీ సోఫా కొత్తది, యెషయా ప్యాంటుకి నిన్నటి సున్నం ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. అందుకని జానెడు ముందు కూర్చుని, ఆ జానెడు తేడా మనసులోనే సర్దుకుంటున్నాడు.

సైనిక్‌పురిలో ఎవరో మిలిటరీ ఆయన కట్టుకున్న ఇల్లది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వాసు కొన్నాడు. కొనగానే లోపలి గోడలన్నీ పడగొట్టించాడు. వంటిల్లు, భోజనాల గది, ముందుగది కలిసి ఒక్క హాలయ్యాయి. టీవీ దగ్గర కూర్చుంటే పొయ్యి మీద పాలు పొంగడం కనిపిస్తుంది, సింకులో ఎంగిలి కంచాలూ వాటి మీద ఈగలూ కనిపిస్తాయి. ఈ ఊళ్ళో డబ్బు చేతికొచ్చిన వాళ్ళందరికీ ఇప్పుడు ఓపెన్ ప్లాన్ అని ఇదే పిచ్చి. ఏ ఇంటికి పనికెళ్ళినా గోడలు కూలుతూనే ఉన్నాయి.

బోయిన్‌పల్లిలో యెషయాదీ ఒక్కటే గది. దాన్ని మాత్రం ఎవరూ ఓపెన్ ప్లాన్ అనరు. ఓ మూల పొయ్యి, పక్కన నీళ్ళ బకెట్టు, ఎదురుగా మంచం, మంచం మీద అతని భార్య రోసమ్మ. మిషన్ బడిలో ఆయాగా చేసి, ఊరి పిల్లలందరి ముడ్లు కడిగిన మనిషి. పోయిన చలికాలం పక్షవాతం వచ్చింది, అప్పట్నుంచి లేవలేదు. ఈ పొద్దున కూడా అతను ఆమె బెడ్‌పాన్ తీసి, చేతులు కడుక్కుని, ఆ వాసనలోనే టీ తాగబోయాడు. గ్లాసు బయటికి పారబోశాడు. కట్టుకున్నదాని మీద అసహ్యం వేసినందుకు తన మీద తనకి అంతకన్నా రోత పుట్టింది. రోసమ్మ అదంతా చూసింది. ఆ గదిలో చూడకుండా ఉండటానికి వీల్లేదు.

ఆమె తిండి అడగదు, మందులు అడగదు. అడిగేది ఒక్క చాటు. తలుపు తీస్తే ఎదురుగా వీధి కుళాయి. బిందెలతో నిలబడ్డ వాళ్ళందరికీ ఆమె మంచం కనిపిస్తుంది. తలుపేస్తే ఆ వాసనకి ఊపిరాడదు. చీర అడ్డం కట్టాడు గానీ, గాలి వీస్తే లేచిపోయింది.

"బట్ట కాదయ్యా, గట్టిది ఏదన్నా నిలబెట్టు," అంది ఆమె. "నన్ను శుభ్రం చేస్తుంటే వాళ్ళు మొహాలు తిప్పుకుంటున్నారు. అది చూడలేకపోతున్నా."

వాసు ఇంట్లో అల్మరాల పని చేసినవాళ్ళు వదిలేసిన ప్లైవుడ్ చెక్క ఒకటి గోడకి ఆనించి ఉంది. మంచాన్ని మించిన పొడవు, అడ్డంగా నిలబెడితే ఛాతీ ఎత్తు. పని మొదలైన నాటి నుంచీ యెషయా కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఒకరిని చెయ్యి చాచి అడగడం అతనికి ప్రాణసంకటం. అయినా ఈ సాయంత్రం అడిగి తీసుకొస్తానని రోసమ్మకి మాటిచ్చి వచ్చాడు.

"వెనక స్పీకర్లు ఎక్కడొస్తాయి?" అన్నాడు వాసు, ఫోన్లోంచి తలెత్తకుండానే.

"సోఫాకి కొంచెం వెనగ్గా సార్. ఆ వెనక గోడుంటే బాగుండేది. ఇప్పుడు శబ్దమంతా వంటింటి వైపు పోతుంది."

"అయితే డైనింగ్ మీద ఇంకో రెండు వేసేద్దాం. సౌండ్ పెంచుకుంటే సరిపోద్ది."

యెషయా నిచ్చెనెక్కి పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. వాసు భార్య తిరుమల కింద నిలబడి ముఖం చిట్లించింది.

"ఎంతెంత కన్నాలు పడతాయండీ? ముందు దేని మీదన్నా కోసి చూపించండి."

"కాయితం కత్తిరించి అంటిస్తానమ్మా."

"కాయితంతో నాకు తెలీదు. అదిగో, ఆ చెక్క ఊరికే పడుంది కదా."

అది నాకు కావాలమ్మా, అంటే సరిపోయేది. యెషయా డ్రిల్లు మిషనుకి గుండ్రటి రంపం బిగించి, చెక్క చివర మూలన పెట్టాడు.

"మూలకైతే ఏం తెలుస్తుంది? మధ్యలో కొయ్యండి," అంది తిరుమల.

మధ్యలో కోశాడు. పొట్టు ఎగిరి నోట్లో పడింది. ఉమ్మడానికి ఆ ఇంట్లో చోటు లేక మింగేశాడు. తిరుమల ఆ కన్నాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూసింది.

"ఛీ, ఏం బాలేదు. సీలింగ్‌లో వద్దు వాసూ, నేల మీద నిలబెట్టేవే కొనుక్కుందాం."

"నీ ఇష్టం," అన్నాడు వాసు.

రోజంతా వేసిన ప్లాను అంతటితో అయిపోయింది. యెషయా మళ్ళీ నిచ్చెనెక్కి గుర్తులన్నీ తుడిచాడు. దిగి సామాను సర్దుకుని, చివరికి చెక్క సంగతి అడిగాడు.

"తీసుకెళ్ళండి పాపం, ఎలాగూ పాడైపోయింది," అంది తిరుమల. ఆమె గొంతులో నిజంగానే దయ ఉంది. ఆ దయ అతనికి నోట్లో పొట్టు కన్నా చేదుగా తగిలింది.

ట్రాలీ ఆటోలో చెక్క వేసుకుని బోయిన్‌పల్లి చేరేసరికి కుళాయి దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు. గది తలుపు మూసి ఉంది. పక్కింటి ప్రేమమణి గడప మీంచి లేచింది.

"పగటేళనే పోయింది అన్నా. పానం బాగలేనప్పుడే ఫోన్ చేద్దామంటే ఆమెనే వద్దన్నది. చెక్క తెస్తాడు, పరేషాన్ చెయ్యకుండ్రి అన్నది."

యెషయా ఆ చెక్కని ఆటోలోంచి దించి గోడకి ఆనించాడు. లోపల ఆడవాళ్ళు రోసమ్మకి ఆఖరి స్నానం చేయించాలి. తలుపు మూస్తే చీకటి, తీస్తే వీధి. చెక్క లోపలికి తెచ్చి, మంచానికి ఇవతల అడ్డంగా నిలబెట్టి ఇటుకలు ఆనించాడు. కన్నం సరిగ్గా మంచం ఎత్తులో వచ్చింది. అందులోంచి రోసమ్మ నడుము కనబడుతోంది. కుళాయి దగ్గర ఒకామె గబుక్కున మొహం తిప్పుకుంది.

యెషయా చొక్కా విప్పి, ఉండచుట్టి ఆ కన్నంలో కుక్కాడు. బనీనుతో గుమ్మంలో వీధికి ఎదురుగా నిలబడ్డాడు. వెనక చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

మర్నాడు సమాధుల తోట నుంచి తిరిగొచ్చేసరికి ప్రేమమణి గది కడిగి, మంచం తీసి బయట పెట్టేసింది. చెక్క మాత్రం ఇటుకల మధ్య అలాగే నిలబడి ఉంది. కన్నంలోంచి చొక్కా చెయ్యి ఒకటి వీధి వైపుకి వేలాడుతోంది.