ఊకొట్టే మట్టి

పొద్దున సైరన్ కూయంగనే మిర్యాలగూడల సీతారామయ్య సేటు బియ్యం మిల్లు ముంగట పిల్లల సందడి మొదలయ్యేది. పనికొచ్చిన ఆడోళ్లు చంకల పిల్లను దించి, ముక్కు తుడిచి, "అల్లరి చేసినవంటె టీచరమ్మ కొడ్తది" అని ఉత్తుత్తిగ బెదిరిచ్చి, పక్కనున్న పాత గోనెసంచుల షెడ్డులకు తోలేటోళ్లు. టీచరమ్మ కొట్టదని పిల్లలకు తెలుసు, తల్లులకూ తెలుసు. అయినా ఆ మాట అనకుంటె పిల్లను బడికి పంపినట్టే ఉండకపోయేది.

టీచరమ్మ అంటే సరళ, సేటు చిన్న కోడలు. పుట్టిల్లు కోదాడ. "ఏంటమ్మా", "చూడు నాన్నా" అని ఆమె అంటుంటే పిల్లలు మూతులు సున్నాలు చుట్టి అచ్చం అట్లనే అని కిసుక్కున నవ్వేటోళ్లు. సాగర్ కాలువ నీళ్లొచ్చి, వడ్ల రాశులు పెరిగి, మిల్లుల పనోళ్లు పెరిగినంక, తల్లుల వెంట వచ్చిన పిల్లలు తవుడుల పొర్లుడు చూసి ఆమె పాణం ఒప్పలే. "మామయ్యా, ఆ పాత షెడ్డు నాకివ్వండి" అని అడిగి తీసుకున్నది. పలకల్లేవు, బల్లల్లేవు. సుతిలి తాళ్లు, గోనె పీలికలు, జొన్న బెండ్లు, ఖాళీ అగ్గిపెట్టెలు, మూలకు తడిగోనె కప్పిన మట్టికుప్ప. గంతే బడి.

"మీకు నచ్చింది చెయ్యండి. చేశాక దాని సంగతి చెప్పండి" అనేది సరళ. ఎద్దును చేస్తె, ఆ ఎద్దు పొద్దున ఏం తిన్నదో, ఎవరిమీద అలిగిందో చెప్పాలె. బండిని చేస్తె అది ఏ ఊరికి పోతున్నదో, దారిల చక్రం ఊడిందో లేదో చెప్పాలె.

చిక్కెక్కడొచ్చిందంటె, అందరూ చెప్పేటోళ్లే గని ఇనేటోళ్లు లేరు. కథ అన్నంక ఎవరో ఒకరు ఊఁ కొట్టాలె గద! కొట్టకుంటె కథ ఎక్కడిదక్కడ కూలవడ్తది. షెడ్డు నిండ పిల్లలు ఒక్కసారే చెప్తుంటె సరళ ఒక్కతి ఎందరికని ఊకొడ్తది? ఓనాడు మంగ్త్యా అనే తండా పిలగాడు ఇసిగిపోయి, తన మట్టి ఎద్దును మోకాలు మీద నిలవెట్టుకొని "నువ్వన్న ఇనురా" అని కథ ఎత్తుకున్నడు. ఎద్దు ఊఁ అన్నది.

ఆ మట్టి అసువంటిది. కాలువ తవ్వినప్పుడు బాగ లోతుకెల్లి తీసింది. అప్పటిదాక దానికి మనిషి మాట ఇనే నసీబే లేకపాయె. సౌడు నేల ఉప్పు తేలుతది, రేగడి పగుళ్లిస్తది, కాలువ మట్టి ఊకొడ్తది అని ఊరోళ్లు అనుకున్నరు. సీతారామయ్య సేటు కూడ ఓసారొచ్చి, చెవి వెట్టి ఇని, "బొమ్మలు పగలకుండ మన మిల్లు ఊకనే కలిపిన్రు గద. ఊక కలిసినంక ఊకొట్టక ఏంజేస్తది?" అని, వడ్లు ఆరినయో లేదో చూడనీకి పోయిండు. మట్టికి ఒకటే పట్టింపు. వల్లెవేసిన పాఠం చెప్తె కిక్కురుమనేది కాదు. సొంత కథ అయితేనే ఊఁ అనేది. అది గూడ, చెప్పేటోడు ఊపిరి తీసుకునే జాగలనే.

ఆ షెడ్డుల మాట్లాడని పిల్ల బీరమ్మ ఒక్కతే. ఐదేండ్లుంటయి. కురుమోళ్ల పిల్ల. తండ్రి రామనర్సయ్య గొర్ల మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయిండంటె మళ్ల ఎప్పుడొస్తడో ఆయనకే తెల్వదు. తల్లి ఆండాలు మిల్లుల బియ్యం చెరిగేది. పచ్చి బాలెంతప్పుడే మిల్లు దూలానికి గోనెసంచి ఉయ్యాల కట్టి, పిల్లను అందుల పండవెట్టి పనిల వడ్డది. మిల్లు ఆడోళ్లందరి లెక్కనే ఆండాలు గూడ గట్టిగ మాట్లాడేది. ఎదుటోళ్లు చిన్నగ అంటె "ఆఁ? ఏందీ?" అని రెండుసార్లు అడిగేది.

"చెవులు మంచిగనే ఇనపడ్తయి టీచరమ్మా, మాటనే లేదు" అన్నది పిల్లను తెచ్చిన మొదటిరోజు. "నాలికె మీద వస రాసిన. మా కులదేవుడు బీరప్పకు పొట్టేలును మొక్కిన. దవాఖానల డాక్టరు నోరు తెరిపిచ్చి చూసి అన్నీ సక్కగనే ఉన్నయన్నడు. అన్నీ సక్కగుంటె మాటెందుకు రాదు? దసర దాటేదాక మాట రాకుంటె పిల్లను హాలియల మా ఆడిబిడ్డకు ఇచ్చేస్తనని మా ఆయన మాటిచ్చిండు. ఆమెకు పిల్లల్లేరు, మేకలున్నయి. మంచిదే పాపం. గని నా బిడ్డ నాకు గావాలె టీచరమ్మా." అని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

"నోరు తెరవమని నేను అడగనమ్మా. ఇప్పటికే అందరూ అడిగేశారు" అన్నది సరళ. "చేతులు ఊరికే ఉండవు కదా, చూద్దాం."

బీరమ్మ చేతులు రోజూ ఒకటే చేసేటియి. గొర్రెపిల్ల. చెవులు వాలి, తోక పొట్టిగ, మూతి జర పైకెత్తి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు దాన్ని ముద్ద చేసి కుప్పల కలిపేది, తెల్లారి మళ్ల అదే. సరళ పక్కన కూసొని తనూ ఏదో ఒకటి పిసికేది. ఆమె చేసిన ఏనుగును చూసి పిల్లలు బర్రె అనుకునేటోళ్లు. బీరమ్మ ఆ ఏనుగు చెవులు సవరిచ్చి మళ్ల ఆమె చేతిల వెట్టేది. గంతవరకే వాళ్ల దోస్తానా.

ఓనాడు పగటన్నాలు తిని పిల్లలంత గోనెల మీద పండుకున్నరు. కథ చెప్పేటోళ్లు ఒక్కరు లేరు. అయినా షెడ్డుల "ఊఁ" అని ఇనపడ్డది.

సరళ తలెత్తి చూసింది. బీరమ్మ ఒక్కతే మేలుకొని ఉన్నది. పెదవులు కదుల్తలేవు. వేలు మాత్రం గొర్రె వీపు మీద చిన్నగ నడుస్తున్నది. నడిచి నడిచి వేలు ఆగింది. గొర్రె "ఊఁ" అన్నది. మళ్ల వేలు నడిచింది.

సరళకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పిల్ల లోపల కథ చెప్తున్నది, మట్టి ఇంటున్నది!

సాయంత్రం ఆ ముచ్చట చెప్తె ఆండాలు నవ్వుకుంట ఏడ్చింది, ఏడ్చుకుంట నవ్వింది. ఆనాటికెల్లి పని దిగంగనే ఒళ్లు దులుపుకొని, ఒంటికి తవుడు వాసన అట్లనే ఉండంగ వచ్చి గొర్రె మూతికాడ చెవి వెట్టి కూసునేది. కథేందో తెల్వదు. ఊఁ ఒక్కటే ఇనపడేది. ఒక్కో ఊఁ కు "ఇప్పుడేమైందో చూసినవా!" అన్నట్టు సరళ దిక్కు చూసేది. ఆ ఊఁ లను నమ్ముకొనే దసర దాక బతికింది. దసర వచ్చింది, పోయింది. కథ మాత్రం బీరమ్మ లోపల్నే ఉన్నది.

హాలియ ఆడిబిడ్డ ఉప్పలమ్మ పగటి బస్సుకు దిగింది. ఎత్తు మనిషి, పెద్ద గొంతు. ఒక చేతిల ముంతెడు జున్ను, ఇంకో చేతిల పిల్లకు కొత్త గౌను. నేరుగ షెడ్డుకే వచ్చింది. సంగతి తెలిసి ఆండాలు చేట పక్కకు వెట్టి ఉరికొచ్చింది. గోడ అవతల మిల్లు గడగడ తిరుగుతున్నది.

"ఏడ్వకు ఆండాలు. నేనేమన్న దాన్ని బావిల తోయనీకి తీస్కపోతున్ననా?" అన్నది ఉప్పలమ్మ. "గీడుంటె అందరు మూగిది మూగిది అంటరు. మేకలకాడ మాటతోని పనేముంది? నాకు అదుంటది, దానికి నేనుంట. నీ మొగడు మాటిచ్చిండా లేదా?"

"ఇచ్చిండు వదినె." ఆండాలు దండం వెట్టింది. "గని పిల్లను జర అడిగి తీస్కపో. రానంటె గుంజుకపోకు."

"మాట రానిదాన్ని ఏమడగాలె?"

"అడుగు వదినె. రానిదుంటె తలకాయ తిప్పుతది."

ఉప్పలమ్మ కొంగు నడుముకు చెక్కి, బీరమ్మ ముంగట గొంతుకూసున్నది. బీరమ్మ తలెత్తలే. ఒళ్లె గొర్రె, గొర్రె వీపు మీద వేలు.

"బిడ్డా, అత్తతోని హాలియకు వస్తవా?"

"ఊఁ" అని ఇనపడ్డది.

"అన్నది!" ఉప్పలమ్మ మొకం వెలిగిపోయింది. "ఇన్నవా ఆండాలు? నా బంగారు తల్లి వస్తనన్నది!"

"అమ్మా, కాదండీ. అన్నది పాప కాదు, గొర్రె" అని సరళ అడ్డమొచ్చింది.

ఉప్పలమ్మ గొర్రెను ఎగాదిగా చూసింది. "గొర్రె అంటె ఏమాయె? పిల్ల చేసిన గొర్రె పిల్ల దిక్కునే గద మాట్లాడేది! మా కురుమోళ్ల ఇండ్లల్ల ఊఁ అంటె ఒప్పుకున్నట్టే. పిల్లనిచ్చే కాడ, గొర్రెనమ్మే కాడ, ఊఁ అన్నంక మాట తిరగదు. అవునా, కాదా ఆండాలు?"

ఆండాలు ఏమంటది? ఇన్నిరోజులు ఆ ఊఁ లనే బిడ్డ మాటలని నమ్మింది. ఇయ్యాల ఇది బిడ్డ మాట కాదు, ఉత్త మట్టి అని ఏ నోటితోని అంటది? గోడకు ఒరిగి నిలవడ్డది.

ఉప్పలమ్మ గౌను తీసి బీరమ్మ భుజాలకు ఆనిచ్చి కొలత చూసుకుంట, సంబరంగ ఒకదాని మీద ఒకటి అడిగింది. "మేకపిల్లలను ఎత్తుకుంటవా?"

"ఊఁ."

"అత్త పక్కల పంటవా?"

"ఊఁ."

"అమ్మ యాదికొస్తె ఏడ్వవు గద?"

బీరమ్మ గబుక్కున గొర్రె మూతిని అరచేతితోని మూసింది.

"నీకు గాదు" అన్నది.

బొంగురు గొంతు. ఎవరూ వాడని గొంతు ఎట్లుంటదో అట్లనే ఉన్నది. సరళ చేతులకెల్లి మట్టిముద్ద కింద వడ్డది.

"నీకు గాదు" అన్నది మళ్ల బీరమ్మ, కోపంగ. "అది నాకు ఊకొడ్తాంది. నువ్వు నడుమల మాట్లాడకు అత్తా, కథ పోతది."

అందరికంటె ముందు తేరుకున్నది ఉప్పలమ్మనే. చిన్నగ, ఆమెకు చాతనైనంత చిన్నగ, "ఏం కథ బిడ్డా?" అని అడిగింది.

"గొర్రె కథ. మందల అన్ని గొర్లు అరుస్తయి. ఇది అర్వదు."

"ఎందుకు అర్వదమ్మా?" అన్నది సరళ.

"దాని అమ్మ ఊకోమన్నది. ఇది ఉయ్యాలల ఏడుస్తుంటె, 'ఊకో బిడ్డా ఊకో, మిల్లు బందయినంక ఎత్తుకుంట' అన్నది. అందుకని ఊకున్నది. మిల్లు బందయితది, గని ఇంటికొచ్చినంక గూడ అమ్మ చెవులల్ల మిల్లు తిరుగుతనే ఉంటది. ఏమన్న అంటె 'ఆఁ? ఏందీ?' అంటది. ఇనపడనప్పుడు అరుస్తె ఏం లాభం? బందయ్యేదాక ఇది ఆగుతున్నది."

ఆండాలు నెత్తి కొట్టుకున్నది. "అయ్యో, నా నోట్ల మన్ను వడ! ఏడ్వకమని అన్న బిడ్డా! ఊకో అంటె ఏడ్వకమని! మాట్లాడొద్దని గాదు నా తల్లీ!" ఉరికొచ్చి పిల్ల ముంగట కూలవడ్డది. "ఇనపడ్తున్నది, ఇప్పుడు అమ్మకు ఇనపడ్తున్నది, చెప్పు!"

బీరమ్మ తల్లి చెవుల దిక్కు అనుమానంగ చూసింది. గోడ దిక్కు చూసింది. "ఇంక తిరుగుతనే ఉన్నది గద" అన్నది.

ఉప్పలమ్మ దిగ్గున లేచింది. గౌను భుజాన వేసుకొని, గోనెలు తొక్కుకుంట పోయి మిల్లు వాకిట్ల నిలవడి, గొర్ల మందను వాగు దాటించే గొంతు తీసింది. "ఓ సేటూ! జర మిల్లు బందు వెట్టుండ్రి! మా పిల్ల తల్లితోని మాట్లాడాలె!"

సీతారామయ్య సేటు గల్లపెట్టె కాడికెల్లి బిత్తరపోయి చూసిండు. కరెంటు పోతె తప్ప నడుమల ఆగని మిల్లు అది. "ఎవరమ్మా నువ్వు?" అని అడగబోయిండు గని ఆ మనిషి మొకం చూసినంక అడగబుద్ధి కాలే. మర తిప్పేటోళ్ల దిక్కు చెయ్యి ఊపిండు. బెల్టు జారింది. చక్రాలు ఒకటెనుక ఒకటి ఆగినయి. చెరిగే ఆడోళ్లు చేటలు పట్టుకొని ఏమైందోనని వాకిట్లకొచ్చిన్రు. రోడ్డు మీద పోయే రిక్షా గంట గూడ షెడ్డులకు ఇనపడ్డది.

ఆ సప్పుడు లేని జాగల బీరమ్మ తల్లి రెండు చెంపలు పట్టుకున్నది. మొకం మొకానికి ఆనిచ్చే ఉన్నది, అయినా మిల్లు అవతలున్నోళ్లను పిలిచినట్టు, మెడ నరాలు ఉబ్బంగ పిలిచింది.

"అమ్మా!"

"ఓ బిడ్డా! ఏంది బిడ్డా? ఏం గావాలె?"

బీరమ్మ జరసేపు ఆలోచన చేసింది.

"ఏం లే" అన్నది. "ఊకెనే పిలిచిన."

ఆండాలు పిల్లను గుండెకు అదుముకొని, దాని నెత్తిల మొకం వెట్టి ఎక్కెక్కి ఏడ్చింది. వాకిట్లకొచ్చిన ఆడోళ్లు గూడ ముక్కులు చీదుకున్నరు. ఉప్పలమ్మ కండ్లు తుడుసుకుంట లోపలికొచ్చి, భుజం మీది గౌను తీసి పిల్లకు తొడిగి, వెనుక గుండీలు పెట్టింది. ఒక గుండీ తప్పు బొర్రల పడ్డది.

"గీ గొంతును తీస్కపోతె నా మేకలు బెదిరి గుట్టలెక్కుతయి. నీ బిడ్డను నువ్వే ఉంచుకో ఆండాలు" అన్నది. "మా తమ్మునికి నేను చెప్పుకుంట."

జున్ను ముంతను సరళ చేతిల వెట్టి, ఎవరి దిక్కు చూడకుండ ఆమె హాలియ బస్సుకు నడిచింది.