నక్క చేదిన నీళ్లు

మా వీధికి సర్కారు బావి మంజూరైంది. తవ్వింది మాత్రం ప్రెసిడెంటు గంగాధరప్పకు వీధి పక్కనే ఉన్న శెనక్కాయ చేనిలో. ఎవరైనా బిందె పట్టుకుని పోతే, "నీళ్లలో మందేసినారమ్మా, తాగితే జరమొస్తాది" అంటూ గొడుగు ఎత్తి తరిమేవాడు. ఆయన ఎద్దులకు మాత్రం ఏ జ్వరమూ రాలేదు.

అమ్మ మైలు దూరంలోని వంక ఇసుకలో చెలమ తోడి నీళ్లు తెచ్చేది. ఆ ఎండాకాలం ఆమెకు నడుము పట్టేసింది.

"సోమవారం నుంచి బడి మానెయ్యి ఓబీ. నీళ్లు ఇంక నువ్వే మొయ్యాల," అంది.

నేను ఎనిమిదో తరగతి. ఎదురు చెప్పడం నాకు చేతకాదు. డైరీలో రాసుకున్నాను, అంతే.

ఆ వారమే బ్లాక్ ఆఫీసరు బడి చూడటానికి వస్తున్నాడని, గోడకు అంటించడానికి బొమ్మల కథ ఒకటి వేయమన్నారు తిప్పేస్వామి అయ్యవారు. అవ్వ చెప్పిన కథ తీసుకున్నాను. కరువులో జంతువులన్నీ కలిసి బావి తవ్వుతాయి. చెయ్యి వేయనిది నక్క ఒక్కటే. "బావిలో దయ్యముంది, కావాలంటే తొంగి చూడండి" అంటుంది. నీళ్లలో దేని నీడను చూసి అది జడుసుకుని పారిపోతుంది. నక్క ఒక్కటే కడుపు నిండా తాగుతుంది.

పాత క్యాలెండరు కాగితం వెనక ఎనిమిది గళ్లు కొట్టి, ఏడింట్లో గీశాను. నక్క చేతికి గొడుగు కూడా పెట్టాను.

ఆఫీసరు కంటే ముందు గంగాధరప్పే వచ్చాడు. బొమ్మల దగ్గరికి వంగి చూశాడు.

"ఈ గొడుగు నాదే కదప్పా!"

అయ్యవారి ముఖం సున్నం కొట్టినట్టయింది. "చిన్నపిల్ల అన్నా, తెలీక గీసింది."

"తెలీకేంది? తెలిసే గీసింది! పొద్దున్నే నక్క మొగం చూస్తే దినమంతా కలిసొస్తాదని మా నాయన గుట్టలెంబడి తిరిగేటోడు. ఊళ్లో ఇంతమంది ఉండంగా నన్నే నక్కను చేసింది చూడు," అని మీసం దువ్వాడు. "ఎనిమిదో గడి ఖాళీగా ఉండాదే పాపా?"

అవ్వ కథలో ఆ గడికి వచ్చేసరికి నక్క బావిలో పడుతుంది. నేను పెన్సిలు తీశాను.

"నక్క గెలవాల. ఆఫీసరు మెచ్చుకోవాల. గీయి."

గీశాను. నక్క తలపాగా చుట్టుకుని, బొక్కెనతో అందరికీ నీళ్లు చేది పోస్తోంది. కుందేలు దాని మెడలో దండ వేస్తోంది.

"భలే!" అన్నాడు గంగాధరప్ప.

ఆఫీసరూ భలే అన్నాడు. "మేం మంజూరు చేసిన బావి ఇదేనా? ఎక్కడుందండీ? చూద్దాం పదండి."

ఊరంతా బిందెలతో వెంట నడిచింది. దండ గంగాధరప్పే తెప్పించుకున్నాడు. అది మెడలో పడ్డాక, బొమ్మలో నక్కలాగే చేంతాడు పట్టుకోక తప్పలేదు. రెండు గంటలు చేదాడు. దాహమై తానే రెండు చెంబులు తాగాడు.

మరునాడు అమ్మ బిందెతో పోతే గొడుగు లేచింది. "మళ్లీ వచ్చినావా? జరమొస్తాదని చెప్పలా?"

"నిన్న నువ్వు తాగినావు కదన్నా, వచ్చిందా?" అంది అమ్మ. "చేది చేది చేతులు నొప్పి పుట్టింటాయి. మేమే చేదుకుంటాంలే, నువ్వు కూచో."

ఆమె వెనక ముప్పై బిందెలున్నాయి. గొడుగు దిగింది.

సోమవారం బడికి పోయాను. బొమ్మల కథను గంగాధరప్ప పటం కట్టించడానికి తీసుకుపోతూ, నక్క తోక ఇంకొంచెం పొడుగు చేయమన్నాడు. చేశాను.