ఆమె పేజీ కింద

టీ కప్పు కింద పెట్టకుండానే అతను ప్రైవేటు విండో తెరిచి, ‘తాళంచెవి ఇరుక్కుపోతే’ అని ఒంటి చేత్తో టైపు చేశాడు. మామూలు విండోలో వెతికితే సెర్చ్ ఇంజన్ మొహమాటానికి పోయి, అతను రోజూ చూసేవాటినే పైకి తెచ్చి పెడుతుంది. లోకానికి ఏం కనిపిస్తోందో తెలియాలంటే ఊరూ పేరూ లేనివాడిలా వెతకాలి. మొదట పోటీ కంపెనీ పేజీ వచ్చింది. దాని కింద తమది. రెండూ నిన్న ఉన్నచోటే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని అప్పుడు టీ తాగాడు.

తాళాలు, గొళ్ళేలు, తలుపు పిడులు అమ్మే కంపెనీ అది. ఏసీ గాలి సూటిగా మెడ మీద పడే మూల సీటు అతనిది. అందుకని ఎండాకాలంలో కూడా మెడకు తువ్వాలు చుట్టుకుంటాడు. పొట్టి మనిషి. కుర్చీలో వెనక్కి వాలితే కాళ్ళు నేలకు ఆనవు కాబట్టి అంచు మీదే కూర్చుంటాడు. జనం ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారు, తమ పేజీ ఎందరి కంటపడింది, ఎందరు నొక్కారు, నొక్కినవాళ్ళలో ఎందరు వచ్చిన దారినే పోయారు, ఇవన్నీ అతని ముందున్న టూల్స్ గీతలు గీసి చూపిస్తాయి. వాటిని చూసి పేజీలను సరిదిద్దడం అతని ఉద్యోగం. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. రాత్రి అన్నం వడ్డిస్తూ, “పొద్దస్తమానం తాళాలేనట్రా? ఒక్క తలుపైనా తెరుచుకుందా?” అని ఆటపట్టిస్తుంది. అతను కంచంలోకి చూసి నవ్వుతాడు.

ఒకప్పుడు ఎదురు సీట్లో ఆమె ఉండేది. ఆమె రాసేది, అతను లెక్కలు చూసేవాడు. పేజీ మొదట్లో కంపెనీ గొప్పలు పెట్టమంటే ఆమె ఒప్పుకునేది కాదు. చెవి ఇరుక్కున్నవాడు గుమ్మం ముందు నిలబడి ఉంటాడు, వాడికి మన తాతల గొడవెందుకండీ అనేది. నవ్వితే భుజాలు కదిలేవి తప్ప చప్పుడుండేది కాదు. దేన్నైనా దగ్గరగా చూడాలంటే కళ్ళజోడు తీసి, కాడలు మడవకుండానే బల్ల మీద పెట్టేసేది. ఒక సాయంత్రం లిఫ్టు దగ్గర అతను అడగవలసింది అడుగుదామనుకున్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా లిఫ్టూ వచ్చింది. తర్వాతి నెలలో ఆమె పోటీ కంపెనీలో చేరిపోయింది.

కొన్నాళ్ళకు అక్కడ కూడా అదే విషయం మీద ఓ పేజీ వెలిసింది. చదవగానే అది ఆమె రాతేనని పోల్చుకున్నాడు. తన పేజీలో, తాళంలో నూనె పొయ్యకుండా పెన్సిల్ పొడి వెయ్యమని ఒక వాక్యం చేర్చాడు. వారం తిరక్కుండా ఆమె పేజీలో, పెన్సిల్ పొడి మేలే గాని గట్టిగా ఊదకండి, కళ్ళల్లో పడుతుంది అని కనిపించింది. చలికి బిగుసుకుంటే చెవిని అరచేతుల మధ్య వెచ్చచెయ్యమని అతను రాశాడు. ‘మీ చేతులు చల్లగా ఉంటే పక్కవాళ్ళ చేతులు అడగండి’ అని ఆమె రాసింది. తాళాల పేజీలో ఆ మాటకేం పని? అది తనకేనని ఒకరోజు నమ్మేవాడు, మర్నాడు తన వెర్రికి తనే నవ్వుకునేవాడు. ఫోను మాత్రం చెయ్యలేదు. తన రాకతో ఆమె లెక్కలు పాడవుతాయని ఆ పేజీని ఎప్పుడో గాని తెరిచేవాడు కాదు. పొద్దున్నే పేరు చూసుకుంటే చాలనుకునేవాడు.

ఆ పేజీని దాటడం అతనికి చేతకాక కాదు. జవాబును రెండు లైన్లలో కుదించి పైన పెడితే చాలని గీతలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. కావాలనే పెట్టలేదు. ఆమె పక్కన ఉండడానికి లోకంలో అతనికి దొరికిన చోటు అదొక్కటే.

ఇవాళ మేనేజరు వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. “బాబాయ్, ఇంకా ఎన్నేళ్ళు రెండోచోట ఉంటాం? సాయంత్రంలోగా మార్పులు పెట్టెయ్యండి. పైవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు.”

అతను తలూపాడు. భోజనమయ్యాక ఆ రెండు లైన్లూ టైపు చేశాడు. బటన్ నొక్కడానికి చెయ్యి రాలేదు. నొక్కేముందు ఒక్కసారి ఆమె కొత్తగా ఏమైనా రాసిందేమో చూద్దామని ఆమె పేజీ తెరిచాడు. అలాంటి పేజీ లేదని వచ్చింది. నెట్ మొరాయించిందేమోనని మళ్ళీ నొక్కాడు. ఆమె రాసిన మిగతా పేజీలూ అంతే. సెర్చ్‌లో కనిపిస్తున్నది పేరు మాత్రమే. లోపల ఏమీ లేదు.

ఇన్నేళ్ళూ కంఠతా ఉన్న ఆ కంపెనీ నంబరుకు మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోను చేశాడు. ఎత్తినది ఎవరో చిన్నమ్మాయి.

“మేడమ్ పోయారండీ. పోయిన నెల్లో. ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టారు, అంతే. ఆవిడవన్నీ తీసేసి కొత్తవి పెడుతున్నారు. మీరెవరండీ?”

“తెలిసినవాణ్ణమ్మా,” అన్నాడు.

మెట్ల మీద కూలబడ్డాడు. నెలరోజులుగా, లేని మనిషిని చూసుకుని హమ్మయ్య అనుకున్నాడు. లిఫ్టు దగ్గర ఒక్క మాట అని ఉంటే, ఆమె కాదన్నా సరే, ఈ కబురు ముక్కూమొహం తెలియని పిల్ల నోట వినవలసి వచ్చేది కాదు. ఎవరైనా చూస్తారేమోనని కూడా చూసుకోకుండా తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు.

సాయంత్రం మేనేజరు పెట్టేశారా అని అడిగాడు.

“అక్కర్లేదు. నాలుగు రోజుల్లో మనమే ఫస్టొస్తాం,” అన్నాడు అతను. మేనేజరు సంబరపడి భుజం తట్టి వెళ్ళాడు.

అందరూ ఇళ్ళకు బయల్దేరుతుంటే అతను ఫోటోల వెతుకులాట తెరిచాడు. పేజీలు తీసేసినా ఫోటోలు కొన్నాళ్ళు అక్కడ నిలుస్తాయి. తెరిచినప్పుడల్లా ఆమె మాటలే చదివాడు గాని, పేజీ పైనున్న ఫోటోను ఏనాడూ సరిగ్గా చూడలేదు. తపాలా బిళ్ళంత ఫోటో. నొక్కితే పెద్దది కాలేదు. ఆకుపచ్చ తలుపు, తాళంలో చెవి, దాన్ని పట్టుకున్న సన్నటి వేళ్ళు. పక్కనే కిటికీ గట్టు మీద, ఇప్పుడే తీసి పెట్టినట్టు, కాడలు మడవని ఆమె కళ్ళజోడు.