నిద్రపోతున్న వేలు

ఇవాళ నేను పరీక్ష పెట్టబోయే మనిషి యూనిఫాం నేనే ఇస్త్రీ చేస్తున్నాను. ఇలాంటి పరీక్షకురాలు లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో. కాలరు దగ్గర మడత పడితే మా ఆయన సాయంత్రం దాకా ముఖం మాడ్చుకుంటాడు. డిపార్టుమెంటులో ఆయన్ని పులి అంటారు. ఆ పులికి ఊడిన గుండీలు కుట్టేది, మేజోళ్ళు జత కలిపేది నేను కాబట్టి నాకంత భయం వెయ్యదు. వెయ్యదనే అనుకునేదాన్ని.

"పోలీసులకే పాఠాలు చెప్తావుటే? గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది" అంది అత్తయ్య, ఖాళీ టీ గ్లాసు నా వైపు చాపుతూ.

"నేర్చుకోడానికి వస్తున్నది మీ అబ్బాయే అత్తయ్యా."

"నేననేదీ అదే. కాస్త చూసి మార్కులెయ్యి. మొగుడి పరువు పెళ్ళాం చేతిలోనే ఉంటుంది."

పరువు సంగతేమో గాని ఇస్త్రీపెట్టె మాత్రం నా చేతిలోనే ఉంది. ఉగ్రవాదులను పట్టుకునే బృందానికి ఎంపికైన అధికారులకు, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఉన్న సాక్ష్యాన్ని చెడగొట్టకుండా ఎలా తేవాలో నేర్పడం నా ఉద్యోగం. బృందానికి నాయకుడు మా ఆయనే కావాలని పైవాళ్ళ ఉద్దేశం. నేను పాస్ చెయ్యకపోతే కాలేడు. "నా భర్త సార్, వేరేవాళ్ళని పెట్టండి" అని మా డైరెక్టర్‌ని అడిగాను. "మనకింకెవరున్నారమ్మా? అయినా మీ ఆయన్ని మీరు పాస్ చెయ్యకపోతే ఎవరు చేస్తారు?" అని నవ్వేశాడు.

నాకు నవ్వు రాలేదు. పోయినేడాది బజారులో బాంబు పేలిన కేసులో ఒక అధికారి ఆత్రం కొద్దీ నిందితుడి ఫోన్ అక్కడికక్కడే తెరిచి చూశాడు. అందులో దొరికిందంతా పోలీసులే పెట్టారన్నాడు నిందితుల లాయరు. కాదని నిరూపించడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. నిందితులు నవ్వుకుంటూ కోర్టు మెట్లు దిగి వెళ్ళిపోతుంటే, ఆ పేలుడులో కాళ్ళు పోగొట్టుకున్నావిడ చక్రాల కుర్చీలో ఆ వరండాలోనే కూర్చుని చూసింది. అందుకే నా క్లాసులో మొదటి మాట ఒకటే. ఆ ఫోన్ మీది కాదు, తెరవకండి.

కారులో ఆయన అడిగాడు. "అందరి ముందూ నిన్ను మేడమ్ అనాలా?"

"అనకపోయినా ఫరవాలేదు. చెప్పింది చేస్తే చాలు."

"నాకు నువ్వు చెప్పేదేముందిలే" అని హారన్ కొట్టాడు. ముందు ఎవరూ లేరు.

పరీక్ష గదిని ఒక ఇంటి హాలులా తయారు చేశాం. సోఫాలో ఒక మహిళా కానిస్టేబుల్ నిద్రపోతున్నట్టు పడుకుంది. ఆమె అనుమానితుడి భార్య అన్నమాట. బల్ల మీద ఆమె ఫోన్, వేలిముద్రతో తెరుచుకునేది. ఫోటో తియ్యాలి, సిగ్నల్ అందని సంచిలో వేసి సీలు వెయ్యాలి. తెరవడం కోర్టు అనుమతితో ల్యాబ్‌లో జరగాల్సిన పని. మిగతా అధికారులంతా గోడవారగా నిలబడి చూస్తున్నారు.

అబద్ధమెందుకు, ఆయన లోపలికి వచ్చిన తీరు చూసి గర్వంగానే అనిపించింది. తలుపు చాటు, కిటికీ, మూలలు, ఏదీ వదల్లేదు. అప్పుడు బల్ల మీద ఫోన్ కనిపించింది. చేతిలోకి తీసుకున్నాడు. సోఫా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంత మెత్తగా కదలగలడని నాకు తెలియదు. ఆమె కుడి చెయ్యి ఎదురుగానే వేలాడుతోంది. దాన్ని వదిలేసి, ఆమె మీదుగా వంగి ఎడమ చెయ్యి అందుకున్నాడు. బొటనవేలిని తన రుమాలుతో తుడిచి ఫోన్ మీద అద్దాడు. తెరుచుకోలేదు. ఇదేమిటన్నట్టు ఒక్క క్షణం ఫోన్ వైపు చూసి, అప్పుడు కుడి చెయ్యి పట్టుకున్నాడు. తెరుచుకుంది. "పులంటే పులే" అన్నారెవరో. చప్పట్లు కొట్టారు.

నేను మాత్రం నా ఎడమ బొటనవేలి వైపు చూసుకున్నాను. అంట్లు తోమీ తోమీ నా కుడి బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి. బ్యాంకులో మిషన్ కూడా నన్ను గుర్తుపట్టదు. అందుకని నా ఫోన్‌కి ఎడమ బొటనవేలు పెట్టుకున్నాను. తడిగా ఉంటే అదీ పనిచెయ్యదు, తుడవాలి. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. సెలవు రోజుల్లో వంటిల్లు కడిగి, ఆ తడి చేతులతోనే మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తాను. అలిసిపోయి ఉంటానేమో, మొద్దునిద్ర పడుతుంది. "మీ అక్కకి నేనంటే అంత లోకువేంటి?" అన్నాడొకసారి. "వేరే ఊళ్ళో ఉద్యోగానికి అప్లై చేస్తే నాకు తెలీదనుకున్నావా?" అన్నాడింకోసారి. ఆ రెండూ ఫోన్ మెసేజీల్లో అక్కకీ నాకూ మధ్య నడిచిన మాటలు. అక్కే నోరు జారిందనుకున్నాను. తను చెప్పలేదని ఒట్టేసింది పాపం, ఏడ్చింది, అయినా నేను నమ్మలేదు. ఆమెతో మాటలు మానేశాను. అక్క గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ వెంటనే ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

"సార్, ముందు ఎడమ చెయ్యి ఎందుకు పట్టుకున్నారు?" అని అడిగాను.

"ఏదో ఒక చెయ్యి, మేడమ్."

"కుడి చెయ్యి మీ ఎదురుగా ఉంది."

"అలవాటు కొద్దీ..." అని ఆగిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మా ఇద్దరికీ తప్ప. నా పక్కనుంచి వెళ్తూ "ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు, పెదవులు కదపకుండా. మా ఇంట్లో ఆ మాట తర్వాత మాట్లాడుకోవడం ఎప్పుడూ ఉండదు, నేను వినడమే.

ఫెయిల్ అని నేను రాసిచ్చిన కాగితం చూసి డైరెక్టర్ మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. "చూసీ చూడనట్టు వదిలెయ్యండమ్మా" అన్నాడు నాతో. "పొరపాటు ఎవరు చెయ్యరు? మొదటిసారికి ఇంకో అవకాశం ఇవ్వాలని రూలే ఉంది. రేపు మళ్ళీ పరీక్ష పెట్టెయ్యండి."

మా ఆయన నా వైపే చూస్తున్నాడు. ఆ చూపుకి ఎన్నిసార్లు మాట మింగేశానో లెక్కలేదు.

"మొదటిసారైతే ఇవ్వొచ్చు సార్" అన్నాను.

"మొదటిసారే కదా?"

నా ఫోన్ తీసి డైరెక్టర్ బల్ల మీద పెట్టాను.

"కాదు సార్. దీన్ని కూడా సంచిలో వేసి సీలు వెయ్యండి. ఫిర్యాదు నాదే."