సదానందం అరచేతిల మొలకలు

సదానందం పొద్దున తొమ్మిదింటికి షట్టర్ లేపుతడు, వాకిట్ల నీళ్లు చల్లుతడు, చాయ్ తాగి పొట్లాలు ముందటేసుకుంటడు. వరంగల్ చౌరస్తా ఎనుక సందుల ఆయనది ఒక్క అర్ర దుకాణం. మూలికల మందులు చేసే కంపెనీలోళ్లు సరుకు కొనేముందు ఆయనకు నమూనా పంపుతరు. ఆయన చిటికెడు పొడి ఎడమ అరచేతిల పోసుకొని, రెండు చుక్కల నీళ్లిడిచి, బీడీ కాలినంత సేపు కూసుంటడు. పొడి అసలుదైతే మొలకెత్తుతది. ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టిన పొడైనా సరే. పెన్నేరు గడ్డ పొడికి పెన్నేరు మొలక, దూలగొండి గింజల పొడికి దూలగొండి మొలక. చిన్న పల్లేరని రాసి ఏనుగు పల్లేరు దంచి పోసిన దొంగతనం ఆకు చూడంగనే దొరుకుతది. శిలాజిత్తు మాత్రం కొండరాళ్ల నుంచి కారే జిగురు, దాన్ని మొలువుమంటే యాడ మొలుస్తది? కంపెనీలోళ్లకు దీంట్ల ఇచ్చంత్రమేమీ అగుపడదు. రిపోర్టు లేటయితే ఫోన్ చేసి ఒర్లుతరు, అంతే.

ఇంకో సంగతున్నది. ఆ మందు ఎవరి కడుపుల పడ్డదో ఆ మనిషి దగ్గర్ల ఉంటే, మొలకలు ఆ మనిషి దిక్కు వంగుతయి. అందుకే మగతనం గోలీల నమూనా వచ్చిన దినం సదానందం షట్టర్ కిందికి గుంజుకుంటడు. ఆ మొలకలు ప్రతిసారి ఆయన రొమ్ము దిక్కే వంగుతయి మరి.

పన్నెండేండ్ల కింద ఆయనా మింగిండు. పిల్లలు కాలేదని దవాఖానకు పోతే, టెస్టు చేసి లోపం నీదే అన్నరు. ఆ కాయితం చింపేసి, గోలీలు చాటుంగ మింగి, నోరు మూసుకున్నడు. వాడకట్టంత ఆయన పెండ్లాం పద్మలతను గొడ్రాలన్నది. నెక్కొండ నుంచి ఆమె తల్లి వచ్చి బిడ్డను తోలుకపోయింది. సదానందం రైలు దాక సంచి మోసిండు గని ఒక్క మాట మాట్లాడలే. అప్పటిసంది ఒక్కడే వండుకుంటడు, ఒక్కడే తింటడు. కూర మిగిలితే ఇయ్యనీకి గూడ మనిషి లేడు. చెడ్డ ఒంటరి బతుకు.

మొన్న బేస్తవారం ఒకామె వచ్చింది. ముప్పై ఏండ్లుంటయేమో. కొంగుల నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"నా పేరు వినోద అన్నా. రఘునాథపల్లి నుంచి వచ్చిన. ఇది మా ఆయన బండి డిక్కీల దొరికింది. అడిగితే దోస్తుది అంటాండు. ఏడేండ్ల సంది పిల్లల్లేరని మా అత్త నన్ను తిట్టని దినం లేదు. ఐతారం పెద్దమనుషులను కూసోపెడ్తాంది. నన్ను తోలేసి ఆయనకు ఇంకో పెండ్లి చేస్తదట. గీ మందు సంగతేందో జర చూడు."

సీసా మీద 'నేచురల్ టెస్టోస్టెరాన్ బూస్టర్' అని బంగారు అక్షరాలున్నయి. పేరు కొత్తది గని తను మింగిన కంపెనీయే, సరుకు అదే. సదానందం గోలీ ఇప్పి పొడి పోసుకొని నీళ్లిడిచిండు. జర సేపటికి చిన్న మొలకలు తలెత్తినయి.

"ఐదు పేర్లు రాసిండ్రు చెల్లే. మెంతులొక్కటే నిజం. తక్కినదంత తవుడు, సుద్ద. అన్ని అసలువే అయినా సీసా మీద రాసినంత పని చేస్తయని నాకు నమ్మకం లేదు. డాక్టరుకు చూపించుకునుడే మంచిది."

"మంచిదో చెడ్డదో నాకెందుకన్నా? నీ చేతిల మొలకలు మింగినోళ్ల దిక్కు వంగుతయట గద, ఎవరు మింగుతాండ్లో చెప్పు."

మెంతి మొలకలు ఇంక జర లేచి సదానందం దిక్కు వంగినయి. ఆయన గబుక్కున పిడికిలి మూసిండు. వినోద చూసిందో లేదో.

"ఐతారం రా అన్నా. మా ఆయన ముందట చెయ్యి చాపు చాలు. నాకు ఇంకో దిక్కు లేదు."

"ఐతారం నాకు పనున్నది."

"గట్లనా" అని ఆమె సీసా ఆడ్నే ఇడిచిపెట్టి పోయింది.

పనేమున్నది పాడు పని! మూడు దినాలు ఆయనకు బువ్వ సయించలే. పోతే తన ఇజ్జత్ పదిమందిల పోతది. పోకుంటే ఇంకో ఆడిబిడ్డ సంచి పట్టుకొని పుట్టింటికి పోతది. ఐతారం పొద్దుగాల్నే బస్సెక్కిండు.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దమనిషి వెంకట్రాజం కూసున్నడు. వినోద అత్త కట్టమ్మ కొడుకు హరికృష్ణను పక్కన పెట్టుకొని గట్టిగ మాట్లాడుతాంది. "గా సీసా నాది కానే కాదు" అంటాండు హరికృష్ణ.

"అయితే దగ్గరికి రా బిడ్డా, దూరం జరుగుడెందుకు?" అన్నడు వెంకట్రాజం.

సదానందం ఆ సీసల గోలీ ఇప్పి అరచేతిల పోసుకొని, నీళ్లిడిచి, చెయ్యి చాపిండు. మెంతి మొలకలు లేచినయి. సగం హరికృష్ణ దిక్కు వంగినయి. హరికృష్ణ ఎడమకు జరిగితే అవి ఎడమకు తిరిగినయి. కుడికి జరిగితే కుడికి తిరిగినయి. తక్కిన సగం సదానందం రొమ్ము దిక్కు వంగినయి.

కట్టమ్మ అది పట్టుకున్నది. "నీ దిక్కెందుకు తిరిగినయి తమ్మీ? నీ చెయ్యే ఖరాబైంది! గీ చేతిని చూసి నా కొడుకును అంటరా?"

అందరు ఆయన మొకమే చూస్తాండ్రు. అవునమ్మా ఖరాబైంది అంటే సదానందం దర్జాగ ఇంటికి పోవచ్చు.

"చెయ్యి మంచిగనే ఉన్నదమ్మా" అన్నడు. "నేను గూడ మింగిన. లోపం నాదే ఉండె. నా పెండ్లాన్ని గొడ్రాలంటాంటే విని ఊకున్న."

హరికృష్ణ తల వంచుకొని అరుగు మీద కూలబడ్డడు. వెంకట్రాజం లేసి కండువ దులిపిండు. "పంచాయితీ అయిపోయింది. రేపు కొడుకును దవాఖానకు తోలుకపో కట్టమ్మా. గీ పిల్లను ఇంకోపారి ఏమన్నా అన్నవో, నేనే వస్త."

వినోద బస్టాండు దాక వెంట వచ్చింది. కండ్లు తుడుసుకుంట అడిగింది, "వదినెకు చెప్పినవా అన్నా?"

"లేదు."

"ఆమెకు చెప్పకుంట మాకు చెప్పినవా?"

సదానందం ఇంటికి పోలే. వరంగల్ల దిగి నెక్కొండ రైలెక్కిండు. పద్మలత వాకిట్ల మిషన్ మీద జాకెట్లు కుడతాంది. తల సగం నెరిసింది. ఆయన నిలవడే అంత చెప్పిండు. ఆమె మిషన్ ఆపలే.

"నాకు ఎర్కనే" అన్నది. "దవాఖాన నర్సమ్మ ఆ దినమే చెప్పింది."

"మరి ఎందుకు అనలే?"

"నీ ఇజ్జత్ పోతదని. నువ్వే అంటవని చూసిన. రైలు కదిలేదాక చూసిన." దారం పండ్లతోని కొరికింది. "మా అమ్మ పోయినేడు చచ్చిపోయింది. లోపం నాదే అనుకుంట పోయింది."

సదానందం దర్వాజ పట్టుకొని ఏడ్చిండు. ఏడుపు ఆగినంక "లోపలికి రానా?" అన్నడు.

"నాకు చెప్పుడెందుకు? గీ వాడకట్టోళ్లకు చెప్పు. పన్నెండేండ్ల సంది ఒక్క తొట్టెల పండుగకు నన్ను పిలువలే. గా మూలింటికాడ మొదలువెట్టు." కత్తెరతోని చూపించి మళ్ల కుట్టుకున్నది.

ముప్పై ఇండ్ల వాడ. సదానందం మూలింటికి పోయి గొళ్లెం కొట్టిండు. ముసలవ్వ ఒకామె తలుపు తీసింది.

"ఎవలు బిడ్డా?"

"పద్మలత మొగణ్ని అవ్వా. ఒక మాట చెప్పాలె."